మండి లెక్కలకు పైథాన్ అంకెల మార్పిడి: ఏది నమ్మొచ్చు, ఏది నమ్మకూడదు

చిన్న బిల్లింగ్ ప్రోగ్రాములు పైథాన్‌లో రాసిచ్చేవాళ్లు ఇప్పుడు కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ఉన్నారు. చెనిక్కాయల కమీషన్ కొట్టుకు ఒకటి, ఆదోని పత్తి వ్యాపారికి ఒకటి, యర్రగుంట్ల వైపు లారీ కాటాకు ఒకటి. ప్రోగ్రాం ఏదైనా లోపల జరిగే పని ఒకటే. కీబోర్డు నుంచో, ఎక్సెల్ ఫైలు నుంచో, తూకం మెషిన్ నుంచో అక్షరాలుగా వచ్చినదాన్ని అంకెగా మార్చాలి, లెక్క కట్టాలి, మళ్లీ అక్షరాలుగా మార్చి చీటీ మీద అచ్చు వేయాలి. ఆ మార్పిడికి పైథాన్ 3తో పాటే ఉచితంగా వచ్చే సరంజామా మీద ఈ సమీక్ష: పూర్ణాంకంగా మార్చే ఇంట్, చుక్క ఉన్న సంఖ్యగా మార్చే ఫ్లోట్, దగ్గరి అంకెకు సవరించే రౌండ్, చుక్క ఉన్న సంఖ్యను రాసినదున్నట్టే దాచే డెసిమల్. పట్టికల వివరాలతో పనిచేసే పాండాస్‌ను విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. అయినా ఎక్సెల్ పనుల్లో అది తప్పదు కాబట్టి దాని సంగతీ కొంత ఉంది.

తీర్పు ముందే చెప్పేస్తే, డబ్బూ తూకమూ ఉన్నచోట డెసిమల్ తప్ప మరోటి వాడొద్దు. అదీ అక్షరాల నుంచి నేరుగా డెసిమల్‌కే మార్చాలి, మధ్యలో ఒక్క అడుగు కూడా ఫ్లోట్ మీద పడకూడదు. డెసిమల్‌కు 5కు 4.5, ఇంట్‌కు 4, ఫ్లోట్‌కు బిల్లుల పనిలో 2, రౌండ్‌కు 1. ఈ మార్కులు ఎందుకన్నది కింద ఉంది.

చెనిక్కాయ 4.35 క్వింటాళ్లు తూగిందనుకుందాం. కిలోల్లోకి మార్చాలంటే వందతో గుణించి ఇంట్‌లో పెడితే చాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఇంట్(4.35 * 100) అని కొట్టి చూడండి. వచ్చే జవాబు 434. ఒక కిలో మాయం. 2024–25 ఖరీఫ్‌లో చెనిక్కాయ మద్దతు ధర క్వింటాకు 6,783 రూపాయలు, అంటే కిలో 67 రూపాయల 83 పైసలు. అంత డబ్బు రైతు చీటీలోంచి పోయింది. స్క్రీన్ మీద ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు.

ఎందుకిలా? ఫ్లోట్ అంటే 64 బిట్ల బైనరీ సంఖ్య. దాన్లో రెండుతో భాగిస్తూ పోతే వచ్చే భిన్నాలు మాత్రమే తేడా లేకుండా కూర్చుంటాయి. అర, పావు, అరపావు, వీసం, ఇవన్నీ రెండుతో భాగించినవే కాబట్టి 0.5, 0.25, 0.125, 0.0625 ఫ్లోట్‌లో అచ్చంగా అవే విలువలు. పది పైసలు, అంటే 0.10, అలా కూర్చోదు. 4.35 కూడా అంతే, లోపల నిలిచేది 4.34999999999999964 చిల్లర. వందతో గుణిస్తే 434.99999999999994 అవుతుంది. ఇంట్ దాన్ని సవరించదు, చుక్క తర్వాత ఉన్నదంతా కోసేస్తుంది. 0.29ని వందతో గుణించి ఇంట్ చేస్తే 28, 1.15ని చేస్తే 114, 19.99ని చేస్తే 1998. అన్నింటిదీ ఇదే జబ్బు.

ఇక్కడే ఇంకో చిక్కు. ప్రోగ్రాం రాసినవాళ్లు పరీక్షించేటప్పుడు చేతికి అలవాటైన విలువలు ఇస్తారు: 4.5, 10, 4.25, 12.75. ఇవన్నీ అరలూ పావులే, ఒక్కటీ తేడా రాదు. తప్పు బయటపడేది యార్డులో నిజం తూకం పడ్డాకే. కాబట్టి ఎవరు రాసిచ్చినా, డబ్బు ఇచ్చే ముందు 4.35, 1.15, 19.99 ఈ మూడూ కొట్టించి చూసుకోవాలి.

ఇప్పుడు ఇంట్ సంగతి. దీనికి రెండు ముఖాలు. అక్షరాలు ఇస్తే చాలా కఠినంగా ఉంటుంది, అంకె ఇస్తే ఏం మాట్లాడకుండా కోసేస్తుంది. ఇంట్("12.0") అంటే వాల్యూఎర్రర్ వస్తుంది, ఇంట్(12.9) అంటే మారుమాట లేకుండా 12 ఇస్తుంది. మైనస్ సంఖ్యల్లో కోత సున్నా వైపు పడుతుంది. ఇంట్(-12.9) విలువ -12, అదే మ్యాథ్ మాడ్యూల్‌లోని ఫ్లోర్ అయితే -13. రైతు ఖాతాలో బాకీని మైనస్‌గా పెట్టుకునే పద్దుల్లో ఈ రెండూ కలిపి వాడితే నెలాఖరుకు మొత్తాలు కలవవు.

అక్షరాల దగ్గర ఇంట్ చూపించే కఠినం మాత్రం మెచ్చుకోవాల్సిన గుణం. ఇంట్("1,25,000") ఒప్పుకోదు. ఇంట్("₹500") ఒప్పుకోదు. ఇంట్("12కిలోలు") ఒప్పుకోదు. ముందూ వెనకా ఖాళీలుంటే తనే తీసేస్తుంది, లైను చివరి గుర్తునూ తీసేస్తుంది. కానీ ప్లస్ గుర్తుకూ అంకెకూ మధ్య ఖాళీ ఉంటే మొరాయిస్తుంది. తూకం మెషిన్లు సీరియల్ వైరు మీద పంపే వరుసలో గుర్తు తర్వాత ఖాళీలు పెట్టి, చివర యూనిట్ తగిలించి పంపే రకాలు ఉంటాయి. అక్కడ గుర్తును విడిగా, అంకెలను విడిగా కోసి తీసుకోవాలి. వాట్సాప్ నుంచి కాపీ చేసి అతికించిన అంకెల్లో కంటికి కనిపించని సున్నా వెడల్పు గుర్తులు దూరి ఉంటే కూడా ఇంట్ తిప్పికొడుతుంది. స్క్రీన్ మీద 435 అని శుభ్రంగా కనిపిస్తూనే ఎర్రర్ వస్తుంటే, ఆ స్ట్రింగ్ (అక్షరాల వరుస) పొడవెంతో లెన్ పెట్టి చూడండి. మూడు రావాల్సిన చోట నాలుగు వస్తే దొంగ దొరికినట్టే. ఎక్సెల్ నుంచి యూటీఎఫ్-8 సీఎస్వీగా దాచిన ఫైలు మొదట్లో కూడా ఇలాంటి గుర్తు ఒకటి ఉంటుంది. ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8-సిగ్ అని ఇస్తే అది పోతుంది.

తెలుగు అంకెలను మాత్రం ఇంట్ హాయిగా చదువుతుంది. ఇంట్("౪౩౫") ఇస్తే 435 వస్తుంది. ఫ్లోట్, డెసిమల్ కూడా "౪.౩౫"ను తీసుకుంటాయి. జావాస్క్రిప్ట్‌లో నంబర్ ఫంక్షన్‌కు ఇదే ఇస్తే అంకె కాదు పొమ్మంటుంది. తెలుగు కీబోర్డుతో వివరాలు ఎక్కించే చోట ఇది నిజమైన ఉపకారం. ఒక జాగ్రత్త మాత్రం అవసరం: ముందే తనిఖీ చేయాలంటే ఈజ్‌డిజిట్ వాడకండి, ఈజ్‌డెసిమల్ వాడండి. వర్గం గుర్తుగా పైన రాసే చిన్న రెండును ఈజ్‌డిజిట్ అంకె అని ఒప్పుకుంటుంది, తీరా ఇంట్‌కు ఇస్తే అది కాదంటుంది. ఈజ్‌డెసిమల్ ఒప్పుకున్నదాన్ని ఇంట్ కూడా ఒప్పుకుంటుంది.

ముందు సున్నా ఉన్న సంఖ్యల విషయం తేల్చుకోవాలి. కర్నూలు ఎస్టీడీ కోడ్ 08518, అనంతపురానిది 08554, కడపది 08562. ఇంట్‌లో పెడితే మొదటి సున్నా పోయి 8518, 8554, 8562 మిగులుతాయి. ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, లారీ నంబరులోని చివరి నాలుగంకెలు, వీటిని ఎవరూ కూడరు, తీసేయరు. అసలు అంకెలుగా మార్చాల్సిన పనే లేదు, స్ట్రింగ్‌గానే ఉంచేయాలి. ఇదొక్కటి పాటిస్తే సగం తలనొప్పులు తగ్గుతాయి.

కామాల గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే నష్టం ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఇంట్ కామా ఒప్పుకోవడం లేదని చాలామంది రీప్లేస్ పెట్టి కామాలన్నీ తుడిచేస్తారు. "1,25,000" చక్కగా 125000 అవుతుంది. కానీ తూకం రాసేవాడు చుక్క బదులు పొరపాటున కామా కొట్టి "4,35" అంటే? తుడిచేశాక అది 435. నాలుగుంబావుకు పైన ఉన్న తూకం నాలుగు వందల ముప్పై ఐదు క్వింటాళ్లు అయిపోయింది. అందువల్ల తుడిచే ముందు కామాల వరుసను పరీక్షించాలి. మన లెక్కలో చివరి కామా తర్వాత సరిగ్గా మూడంకెలు, అంతకు ముందు కామాల మధ్య రెండేసి, మొట్టమొదట ఒకటో రెండో. ఈ వరుసకు సరిపోకపోతే తుడవకుండా వెనక్కి పంపి మళ్లీ కొట్టమనాలి. అండర్‌స్కోర్ కూడా గుర్తుంచుకోండి. పైథాన్ 3.6 నుంచి ఇంట్, ఫ్లోట్, డెసిమల్ మూడూ అంకెల మధ్య అండర్‌స్కోర్‌ను ఒప్పుకుంటాయి, "4_35" ఎర్రర్ లేకుండా 435 అవుతుంది.

అచ్చు వేసేటప్పుడు ఇదే సమస్య తిరగబడి వస్తుంది. ఫార్మాట్‌లో కామా గుర్తు పెడితే పైథాన్ మూడేసి అంకెలకు కామా వేస్తుంది, 125,000 అని. మండిలో ఆ చీటీ చూసినవాళ్లు లక్షా పాతికవేలని వెంటనే పట్టుకోలేరు. లినక్స్ మెషిన్‌లో భారత ఇంగ్లిష్ లొకేల్ (దేశాన్ని బట్టి అంకెలు చూపే అమరిక) ఇన్‌స్టాల్ అయి ఉంటే లొకేల్ మాడ్యూల్‌తో 1,25,000 అని వేయించవచ్చు. లొకేల్ ఉందో లేదో తెలియని షాపు కంప్యూటర్లకు సొంతంగా నాలుగు లైన్లు రాసుకోవడమే మేలు: రూపాయల భాగాన్ని స్ట్రింగ్ చేసి, చివరి మూడంకెలు పక్కన పెట్టి, మిగిలినదాన్ని కుడి నుంచి రెండేసిగా కోసి కామాలతో కలపడం.

ఫ్లోట్‌కు తక్కువ మార్కులు వేసింది బిల్లుల పనికే. గింజల తేమ శాతం, గోదాము ఉష్ణోగ్రత, ఊరికీ ఊరికీ దూరం, వీటికి అది బంగారంలా పనిచేస్తుంది, వేగంగానూ ఉంటుంది. డబ్బు దగ్గరికి వచ్చేసరికి పైన చూసిన తేడాతో పాటు ఇంకో మూడు ఇబ్బందులున్నాయి. ఒకటి, అక్షరాల దగ్గర ఇది మరీ ఉదారంగా ఉంటుంది. "నాన్" (అంకె కాదు), "ఇన్ఫ్" (అనంతం) అనే మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో ఇస్తే వాటినీ అంకెలుగానే తీసుకుంటుంది. ఖాళీ గడిలో ఎక్కడినుంచో ఆ మూడక్షరాలు వచ్చి పడితే మొత్తం కూడిక నాన్ అయిపోతుంది. రెండు, 12 తర్వాత ఇ అనే ఇంగ్లిష్ అక్షరం, ఆ తర్వాత 4 ఉన్న సరుకు కోడ్‌ను ఫ్లోట్ లక్షా ఇరవై వేలుగా చదువుతుంది. మూడు, 9007199254740992 దాటిన పూర్ణాంకాల్లో కొన్ని దీన్లో అచ్చంగా పట్టవు. ఆ సంఖ్యకు ఒకటి కలిపి ఫ్లోట్‌గా మారిస్తే కలిపిన ఒకటి ఎగిరిపోతుంది. రూపాయలకు అంత పెద్ద సంఖ్య రాకపోవచ్చు కానీ పదహారు, పదిహేడు అంకెల ఖాతా నంబర్లకు వస్తుంది. ఎక్సెల్ అయితే ఇంకా ముందే చేతులెత్తేస్తుంది, పదిహేను అంకెల తర్వాతివన్నీ సున్నాలు చేస్తుంది. ఆ ఫైలును పైథాన్‌లో ఎంత జాగ్రత్తగా చదివినా పోయిన అంకెలు తిరిగిరావు.

రౌండ్‌కు ఒక్క మార్కే ఎందుకంటే, అది మన పన్ను చట్టానికి పొసగని పద్ధతిలో సవరిస్తుంది. సరిగ్గా సగం వస్తే పక్కనున్న సరి సంఖ్య వైపు మొగ్గుతుంది. రౌండ్(2.5) విలువ 2, రౌండ్(3.5) విలువ 4. కేంద్ర జీఎస్టీ చట్టం 170వ సెక్షన్ ప్రకారం పన్ను మొత్తంలో యాభై పైసలు గానీ అంతకు మించి గానీ ఉంటే పై రూపాయికి పెంచాలి, తక్కువుంటే వదిలేయాలి. 4,500 రూపాయల సరుకు మీద 2.5 శాతం కేంద్ర పన్ను 112 రూపాయల 50 పైసలు. చట్టం లెక్కలో 113, రౌండ్ లెక్కలో 112. రాష్ట్ర పన్నుకూ ఇదే వరుస కాబట్టి ఒక్క బిల్లులోనే రెండు రూపాయల తేడా. రోజూ ఇలాంటి బిల్లులు కొన్ని పడితే రిటర్ను వేసేరోజు ఆడిటర్ దగ్గర ప్రశ్నలు మొదలవుతాయి. పైసలకు సవరించినా గొడవే. రౌండ్(2.675, 2) విలువ 2.67, ఎందుకంటే లోపలున్నది 2.675 కంటే పిసరంత తక్కువ. సరి సంఖ్య వైపు మొగ్గడం గణాంకాల పనిలో మంచి పద్ధతే, ఆ తేడాలు అటూ ఇటూ సర్దుకుంటాయి. బిల్లు వేసే కౌంటర్‌లో దానికి చోటు లేదు.

ఇక డెసిమల్. పైథాన్‌తో పాటే వస్తుంది, ఫైలు మొదట్లో ఒక్క ఇంపోర్ట్ లైను చాలు. పైథాన్ 3.3 నుంచి దీని లోపలి భాగం సీ భాషలో ఉంది కాబట్టి మండి బిల్లులకు వేగం ఏమాత్రం అడ్డు కాదు. డెసిమల్("4.35") * 100 అంటే 435.00 వస్తుంది, దాన్ని ఇంట్ చేస్తే 435. డెసిమల్("4.35") * 6783 అంటే 29506.05, చేత్తో కాగితం మీద వేసినట్టే, పైసా తేడా లేదు.

అందరూ జారిపడేది కోట్ల (కొటేషన్ గుర్తుల) దగ్గర. డెసిమల్(4.35) అని కోట్లు లేకుండా రాస్తే ముందు అది ఫ్లోట్ అవుతుంది, ఆ ఫ్లోట్‌లోని 4.34999తో మొదలయ్యే పొడవాటి తోక మొత్తం డెసిమల్‌లోకి అచ్చంగా దిగుతుంది. డెసిమల్ వాడుతున్నామన్న ధీమా ఉంటుంది, తప్పు మాత్రం అలాగే ఉంటుంది. దీనికి పైథాన్‌లోనే మందుంది: గెట్‌కాంటెక్స్ట్ ద్వారా ఫ్లోట్‌ఆపరేషన్ అనే ట్రాప్‌ను ట్రూ చేయాలి. ఆ తర్వాత ఎక్కడ కోట్లు మరిచినా అక్కడికక్కడే ఎర్రర్ పడుతుంది. ఈ కాంటెక్స్ట్ (డెసిమల్ అమరికలు) ఒక్కో థ్రెడ్‌కు, అంటే ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే ఒక్కో పనికి, విడిగా ఉంటుంది. ఫ్లాస్క్ లాంటి వాటితో వెబ్ పేజీగా నడిపే బిల్లింగ్‌లో మెయిన్ ఫైల్లో ఒక్కసారి పెట్టి వదిలేస్తే మిగతా థ్రెడ్లకు అది తగలకపోవచ్చు. థ్రెడ్లు మొదలుకాకముందే డిఫాల్ట్‌కాంటెక్స్ట్‌లో పెట్టాలి. ఇంత మంచి కాపలాను పైథాన్ మొదటినుంచే ఆన్ చేసి ఇవ్వకపోవడమే డెసిమల్‌కు అర మార్కు తగ్గడానికి కారణం.

డెసిమల్‌కు ఫ్లోట్ కలిపి కూడితే టైప్ఎర్రర్ వస్తుంది. కొత్తవాళ్లు దీన్ని చూసి విసుక్కుని, డెసిమల్‌ను ఫ్లోట్‌గా మార్చి ఎర్రర్ నోరు మూయిస్తారు. చేయాల్సింది తిరగేసి: ఫ్లోట్ ఎక్కడినుంచి వచ్చిందో వెతికి, అక్కడే దాన్ని స్ట్రింగ్ నుంచి డెసిమల్‌గా తీసుకోవాలి. మామూలు ఇంట్‌తో కలిస్తే ఇబ్బంది లేదు, జవాబు డెసిమల్‌గానే వస్తుంది.

ఎర్రర్ పట్టుకునే చోట కూడా ఒక తిరకాసుంది. డెసిమల్‌కు చెత్త అక్షరాలు ఇస్తే వచ్చేది వాల్యూఎర్రర్ కాదు, ఇన్‌వాలిడ్‌ఆపరేషన్. అది అరిథ్‌మెటిక్‌ఎర్రర్ కుటుంబానికి చెందినది. పాత ప్రోగ్రాంలో ఫ్లోట్ తీసేసి డెసిమల్ పెట్టి, ఎక్సెప్ట్ లైన్లో వాల్యూఎర్రర్‌ను అలాగే ఉంచితే, మొదటి చెడ్డ తూకానికే ప్రోగ్రాం కూలిపోతుంది. రెండు పేర్లూ రాయాలి. ఇంకోటి, "నాన్"ను డెసిమల్ కూడా ఎర్రర్ లేకుండా తీసుకుంటుంది. కాబట్టి మార్చిన వెంటనే ఈజ్‌ఫైనైట్ అడిగి, కాదంటే వెనక్కి పంపాలి.

సవరణకు రౌండ్ బదులు డెసిమల్‌లోనే ఉన్న క్వాంటైజ్ వాడాలి. రూపాయికి సవరించాలంటే డెసిమల్("1"), పైసకు సవరించాలంటే డెసిమల్("0.01") ఇచ్చి, రౌండింగ్ దగ్గర రౌండ్ హాఫ్ అప్ అని స్పష్టంగా రాయాలి. 112.50 అప్పుడు 113 అవుతుంది. ఏమీ రాయకపోతే డెసిమల్ కూడా సరి సంఖ్య వైపే మొగ్గుతుంది, అది డిఫాల్ట్. అచ్చు రూపాన్ని రాసే ఎఫ్-స్ట్రింగ్‌లో చుక్క తర్వాత రెండంకెలు అని రాసి సవరణను దానికే వదిలేయడం ఇంకో పొరపాటు, అక్కడా ఆ డిఫాల్టే పనిచేస్తుంది: డెసిమల్("2.665") అచ్చయ్యేది 2.66గా. ముందు క్వాంటైజ్, తర్వాత అచ్చు.

భాగాహారంలో డెసిమల్ 28 అంకెల దాకా తీసుకుంటుంది. అయినా వందను మూడుతో భాగిస్తే ఎవరికీ తెగదు. ముగ్గురు హమాలీలకు వంద రూపాయలు పంచాలంటే తలా 33.33, మొత్తం 99.99, ఒక పైసా మిగిలిపోతుంది. ఇలాంటి పంపకాలను పైసల్లోకి మార్చి పూర్ణాంకాలతో చేయాలి. డివ్‌మాడ్(10000, 3) ఇస్తే 3333, మిగులు 1 అని రెండూ ఒకేసారి వస్తాయి. ఆ మిగులు ఎవరికి పోవాలో ప్రోగ్రాంలో రాసి పెట్టేయాలి. అప్పుడే పద్దు మొత్తం కలుస్తుంది.

దాచుకునే చోటు కూడా మార్పిడిలో భాగమే. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌కు డెసిమల్‌ను నేరుగా ఇస్తే తీసుకోదు. కాలమ్ పేరు పక్కన డెసిమల్ అని రాసినా దాని దృష్టిలో అది మామూలు సంఖ్య, 29506.05ను లోపల ఫ్లోట్‌గానే దాస్తుంది. కాలమ్‌ను ఇంటీజర్‌గా పెట్టి 2950605 పైసలుగా దాచడమే నికరం. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ అయితే వాటి సొంత డెసిమల్ రకం అచ్చంగా దాస్తుంది. జేసన్‌లో (ప్రోగ్రాములు ఒకదానికొకటి వివరాలు పంపుకునే అక్షర రూపం) వచ్చే వివరాలు చదివేటప్పుడు పార్స్ఫ్లోట్ అనే చోట డెసిమల్ అని ఇస్తే చాలు, మధ్యలో ఫ్లోట్ అన్నదే రాదు. ఇంత చక్కటి సదుపాయం ఉందని తెలియక చాలామంది వాడరు.

లారీ కాటాల దగ్గర మార్పిడి ఇంకో రకంగా దెబ్బతీస్తుంది. కాటా లోపల పెట్టే చిన్న ఆర్డుయినో ఉనో ఆర్3 బోర్డులో ఇంట్ అంటే 16 బిట్లే, 32,767 దాటితే పట్టదు. ఖాళీ లారీ, చిన్న లోడ్లు అన్నీ సరిగ్గా చూపిస్తుంది. కడప బండలు నింపుకొని 40,000 కిలోలు తూగే లారీ ఎక్కగానే -25,536 అని చూపిస్తుంది, 40,000లోంచి 65,536 తీసేస్తే వచ్చే సంఖ్య అది. బోర్డులో లాంగ్ వాడితే తీరుతుంది. బోర్డు సరిగ్గా పంపినా పైథాన్ వైపు చదవడంలో ఇదే తప్పు జరగవచ్చు. వచ్చిన రెండు బైట్లను స్ట్రక్ట్ మాడ్యూల్‌లో చిన్న హెచ్‌తో విప్పితే గుర్తున్న సంఖ్యగా -25,536, పెద్ద హెచ్‌తో విప్పితే 40,000. ఇంట్ డాట్ ఫ్రమ్ బైట్స్ వాడితే గుర్తు లేనిదిగానే చదువుతుంది, బైట్ల వరుస మాత్రం మనం రాయాలి. 3.11 నుంచి రాయకపోయినా పెద్ద బైటు ముందు అనుకుంటుంది, కానీ పాత వెర్షన్లలో అది ఎర్రర్. విండోస్ 7 మీద నడిచే పాత షాపు కంప్యూటర్లకు పైథాన్ 3.8 తర్వాతివి ఎక్కవు కాబట్టి ప్రతిసారీ రాసేయడమే మంచిది. పైథాన్ సొంత ఇంట్‌కు మాత్రం ఈ పరిమితి లేదు, ఎంత పెద్ద సంఖ్యనైనా మోస్తుంది. నంపై అనే లెక్కల లైబ్రరీ శ్రేణుల్లో ఆ భద్రత ఉండదు, 40000 ఉన్న శ్రేణిని యాజ్‌టైప్‌తో 16 బిట్లకు మారిస్తే అది కూడా -25,536 అవుతుంది, చప్పుడు లేకుండా.

మిగతా భాషలతో పోలిస్తే పైథాన్ ఎక్కడుంది? సీలో అటోయ్ ఫంక్షన్ చెత్త అక్షరాలకు సున్నా ఇస్తుంది, సున్నా అని నిజంగా కొట్టినదానికీ సున్నాయే. జావాస్క్రిప్ట్‌లో నంబర్ ఫంక్షన్ ఖాళీ గడిని సున్నా చేస్తుంది, పార్స్ఇంట్ "12కిలోలు"ను 12 అంటుంది. బిల్లుల్లో ఇవి రెండూ ప్రమాదకరమే. జావాలో కాస్ట్ చేస్తే 40000 షార్ట్‌లో అదే -25,536 అవుతుంది, కానీ టుఇంట్‌ఎగ్జాక్ట్ లాంటి జాగ్రత్త గల పద్ధతులున్నాయి, బిగ్‌డెసిమల్ కూడా గట్టిది. కోట్లు మరిస్తే వచ్చే తంటా దాన్లోనూ ఉంది. చెడ్డ అక్షరాలను వెంటనే తిప్పికొట్టడంలో పైథాన్, జావా ముందున్నాయి. కాలేజీలో సీ నేర్చుకుని వచ్చినవాళ్లకు ఈ ఎర్రర్లు మొదట చికాకు అనిపిస్తాయి గానీ, ప్రతి ఎర్రరూ చీటీ మీద పడకుండా ఆగిన ఒక తప్పు.

పాండాస్ విషయం క్లుప్తంగా. పూర్ణాంకాల కాలమ్‌లో ఒక్క గడి ఖాళీ ఉన్నా మొత్తం కాలమ్ ఫ్లోట్ అయిపోతుంది, 6783 కాస్తా 6783.0 అవుతుంది, ఫోన్ నంబర్ల చివర చుక్క సున్నా వస్తుంది. రీడ్ సీఎస్వీలో డీటైప్‌ను స్ట్రింగ్ అని ఇచ్చి చదివి, కావలసిన కాలమ్‌లనే మార్చుకోవాలి. ఖాళీలున్న పూర్ణాంకాలకు పెద్ద ఐతో మొదలయ్యే ఇంట్64 రకం ఉంది. టు-న్యూమరిక్‌లో ఎర్రర్స్ దగ్గర కోయర్స్ అని పెడితే చదవలేని ప్రతి గడీ నాన్ అవుతుంది, సమ్ చేసినప్పుడు నాన్‌లను లెక్కలో వదిలేస్తుంది. మొత్తం తక్కువ వస్తుంది, ఎక్కడ తగ్గిందో తెలియదు. కోయర్స్ వాడితే ఆ వెంటనే ఈజ్‌ఎన్ఏ లెక్కపెట్టి, సున్నా కాకపోతే ఆ వరుసలను బయటికి తీసి చూపించాల్సిందే. థౌజండ్స్ దగ్గర కామా ఇవ్వడం సులువే కానీ, "4,35"ను అది కూడా 435 చేసేస్తుంది. ఎక్సెల్ నుంచి సీఎస్వీ దాచేటప్పుడు ఇంకో సంగతి. గడిలో రెండు అంకెల దాకానే కనిపించేలా పెట్టి ఉంటే ఫైల్లోకి వెళ్లేదీ ఆ కనిపించేదే, అసలు విలువ కాదు. దాచే ముందు ఆ కాలమ్‌లను జనరల్ ఫార్మాట్‌లోకి మార్చాలి.

నిజంగా వాడేటప్పుడు ఇదంతా ఒక్క చిన్న ఫంక్షన్‌లో పట్టేస్తుంది. స్ట్రింగ్ తీసుకో, అటూ ఇటూ ఖాళీలు తీసెయ్, రూపాయి గుర్తుంటే తీసెయ్, కామాలుంటే వరుస పరీక్షించి అప్పుడే తుడువు, అండర్‌స్కోర్ ఉంటే వద్దను, డెసిమల్‌గా మార్చు, ఈజ్‌ఫైనైట్ చూడు, తూకమైతే సున్నా కంటే ఎక్కువో కాదో, బండి మోయగలిగే బరువు దాటిందో లేదో చూడు. ప్రోగ్రాంలోకి వచ్చే ప్రతి అంకే ఈ ఫంక్షన్ గుండానే రావాలి, కీబోర్డుదైనా ఫైలుదైనా మెషిన్‌దైనా. చీటీ మీదికి వెళ్లేముందు ఒక్కసారే క్వాంటైజ్ చేయాలి. మధ్యలో తరుగు తీసేటప్పుడోసారి, కమీషన్ పట్టేటప్పుడోసారి సవరిస్తూ పోతే పైసలు పోగై చివర్లో రూపాయి తేడా వస్తుంది.

ఈ ఫంక్షన్‌కు ఇచ్చి చూడాల్సిన విలువలు: 4.35కు కిలోల్లో 435 రావాలి. "1,25,000"కు 125000. "4,35", "4_35", ఖాళీ స్ట్రింగ్, ఇంగ్లిష్‌లో "నాన్", ప్లస్ తర్వాత ఖాళీ ఉన్న 12, ఇవన్నీ వెనక్కి రావాలి. "౪.౩౫"కు 4.35. 4,500 మీద 2.5 శాతానికి 113. కాటాకైతే 40,000, ఆ తర్వాత సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న 32,767, 32,768.